వీడియో గేమ్ కన్సోళ్ల పోటీ చరిత్ర: ఆధిక్యానికి ఆధారాలు, హైదరాబాదు అనుభవం

వ్యాససంగ్రహం:

ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకొనే వీడియో గేమ్ యంత్రాన్ని ‘కన్సోల్’ అంటారు. ఈ రంగంలో అటారీ, నింటెండో, సెగా, సోనీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఒకదాని తరువాత ఒకటి ముందుకు వచ్చాయి. వాటిలో ఏ ఒక్కటీ తన ఆధిక్యాన్ని నిరంతరాయంగా నిలుపుకోలేకపోయింది. ఆధిక్యం యంత్రశక్తి వల్ల వచ్చిందా, లేక ఆటల నిర్మాతలతోను ఆటగాళ్లతోను ఆయా సంస్థలు కుదుర్చుకొన్న ఒడంబడిక వల్ల వచ్చిందా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2009లో హైదరాబాదులో ప్లేస్టేషన్ 2 కోసం జరిగిన ఆటల నిర్మాణాన్ని, 2014 తరువాత హైదరాబాదుకు చెందిన సత్య నాదెళ్ల నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ అనుసరించిన మార్గాన్ని ఈ ప్రశ్నకు ఉదాహరణలుగా వివరిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, కన్సోల్, పోటీ, ప్లేస్టేషన్ 2, హైదరాబాదు, దేశీ అడ్డా, జానపద క్రీడలు, సత్య నాదెళ్ల.

1. ఉపోద్ఘాతం:

సినిమా హాలు యజమాని ఎంత పెద్ద తెర కట్టించినా, ఎంత మంచి కుర్చీలు వేయించినా, ఆడించడానికి సినిమా లేకపోతే ప్రేక్షకుడు రాడు. ప్రేక్షకుడు రాని హాలుకు నిర్మాత తన సినిమాను ఇవ్వడు. కన్సోల్ వ్యాపారం స్వభావం కూడా ఇదే. యంత్రాన్ని తయారుచేసే సంస్థ, ఆటలను రూపొందించే నిర్మాతలు, ఆటగాళ్లు అనే మూడు పక్షాలు అందులో ఉంటాయి. ఒక పక్షం తొలగితే మిగిలిన రెండూ నిలవవు. అందువల్లనే చాలా సంస్థలు యంత్రాన్ని దాదాపు తయారీ ఖర్చుకే, కొన్నిసార్లు నష్టానికి కూడా అమ్మి, అమ్ముడైన ప్రతి ఆట మీద వచ్చే వాటాతో లాభం పొందుతూ వచ్చాయి.

హైదరాబాదు మొదలుకొని సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వంటి పట్టణాల దాకా 1990లలో తెలుగు పిల్లలకు పరిచయమైన ‘టీవీ వీడియో గేమ్’ చాలావరకు జపాన్ వారి ఫ్యామికామ్ యంత్రానికి నకలు. కార్ట్రిడ్జ్‌ను పిల్లలు ‘క్యాసెట్’ అన్నారు. ఆ యంత్రాన్ని మొదట రూపొందించిన సంస్థ పేరు చాలామందికి తెలియదు. వారికి తెలిసినది మేరియో, కాంట్రా వంటి ఆటల పేర్లు. ఆటగాడి దృష్టిలో యంత్రం కన్నా ఆటే ముందు నిలుస్తుందనడానికి ఇది దగ్గరి సాక్ష్యం. ఈ రంగపు చరిత్రను ఆ దృష్టితో పరిశీలించడం అవసరం.

2. అటారీ: అదుపు లేని విపణి (1977–1985):

అమెరికా సంస్థ అటారీ 1977లో విడుదల చేసిన వీసీఎస్ యంత్రం, తరువాతి పేరుతో అటారీ 2600, ఇంటి ఆటల విపణిని విస్తరింపజేసింది. ఆటలను మార్చుకొనే వీలున్న ఆ యంత్రానికి తొలి రోజుల్లో అటారీయే ఆటలను తయారుచేసేది. ఆటను రూపొందించిన ఉద్యోగి పేరు పెట్టె మీద కనిపించేది కాదు; అమ్మకాల్లో అతనికి వాటా ఉండేది కాదు. ఈ అసంతృప్తితో బయటికి వచ్చిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్ అనే సంస్థను నెలకొల్పారు. యంత్రం ఒకరిది, ఆట మరొకరిది అనే పద్ధతికి అదే ఆరంభం. అటారీ న్యాయస్థానాన్ని ఆశ్రయించినా చివరకు బయటి సంస్థలకు దారి తెరుచుకొంది.

దారి తెరుచుకొన్నది గాని, నాణ్యతను పరిశీలించే ఏర్పాటు లేదు. యాక్టివిజన్ మంచి ఆటలు చేసింది. దాని వెనుక వచ్చిన అనేక సంస్థలు నాసిరకం ఆటలతో దుకాణాలను నింపాయి. అటారీ స్వయంగా 1982లో ‘ఈ.టీ.’ సినిమా ఆధారంగా కొన్ని వారాల్లో ఆటను తయారుచేయించి, అమ్ముడయ్యే దానికన్నా ఎంతో ఎక్కువ సంఖ్యలో ముద్రించింది. మిగిలిపోయిన సరుకులో కొంత 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డో వద్ద పాతిపెట్టబడింది. 2014లో జరిగిన తవ్వకంలో అది బయటపడింది. 1983లో దాదాపు 320 కోట్ల డాలర్లుగా ఉన్న అమెరికా విపణి 1985 నాటికి సుమారు 10 కోట్ల డాలర్లకు పడిపోయినట్లు అంచనా. అటారీని ప్రత్యర్థి ఓడించలేదు. నిర్మాతకు గౌరవం, ఆటగాడికి నాణ్యత అనే రెండింటినీ ఇవ్వలేకపోవడమే దాని పతనానికి ప్రధాన కారణం.

3. నింటెండో: కట్టుబాటు, దాని మూల్యం (1983–1997):

1889లో క్యోటోలో హనాఫుదా పేకముక్కల తయారీతో మొదలైన నింటెండో 1983 జూలైలో జపాన్‌లో ఫ్యామికామ్‌ను విడుదల చేసింది. 1985లో అదే యంత్రం ఎన్ఈఎస్ పేరుతో అమెరికాలో ప్రవేశించింది. అటారీ అనుభవం నుంచి నింటెండో గ్రహించిన పాఠం అదుపు. అనుమతి లేని కార్ట్రిడ్జ్‌ను నిరాకరించే చిప్‌ను యంత్రంలో అమర్చింది. నిర్మాతలు ఏడాదికి పరిమిత సంఖ్యలోనే, సాధారణంగా అయిదు ఆటలే, విడుదల చేయాలని, ఎన్ఈఎస్ కోసం చేసిన ఆటను రెండేళ్లపాటు మరో యంత్రానికి ఇవ్వరాదని నిబంధనలు పెట్టింది. ఆటగాడి నమ్మకం తిరిగి వచ్చింది. ఆ యంత్రం 6 కోట్లకు పైగా అమ్ముడైంది.

అయితే కట్టుబాటు ఒక పక్షానికే మేలు చేసినప్పుడు రెండవ పక్షం అవకాశం కోసం ఎదురుచూస్తుంది. ఆ అవకాశాన్ని సోనీ కల్పించింది. సూపర్ నింటెండో కోసం సీడీ పరికరం తయారీలో సోనీ భాగస్వామిగా ఉండేది. 1991లో షికాగో ప్రదర్శనలో సోనీ ఆ విషయాన్ని ప్రకటించిన మరునాడే నింటెండో తాను ఫిలిప్స్‌తో కలిసి పనిచేస్తున్నట్లు ప్రకటించింది. భంగపడిన సోనీ సొంతంగా ప్లేస్టేషన్‌ను రూపొందించి 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసింది.

నింటెండో 1996లో తెచ్చిన నింటెండో 64 కార్ట్రిడ్జ్‌నే కొనసాగించింది. కార్ట్రిడ్జ్ తయారీ ఖరీదైనది. దానిలో పట్టే సమాచారం తక్కువ. సీడీ చవక; త్వరగా ముద్రించవచ్చు; అమ్ముడైన మేరకు మళ్లీ ముద్రించవచ్చు. అంటే నిర్మాత నెత్తిన పడే నష్టభారం తగ్గుతుంది. అంతకుముందు నింటెండో యంత్రాల మీద వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’ వరుసలోని ఏడవ ఆట 1997లో ప్లేస్టేషన్ మీద విడుదల కావడం ఈ మార్పుకు గుర్తు. ప్లేస్టేషన్ 10 కోట్లు దాటగా, నింటెండో 64 సుమారు 3.3 కోట్ల దగ్గర ఆగింది. ఆటల నిర్మాతలు ఎటు కదిలారో ఆధిక్యం కూడా అటే కదిలింది.

4. సెగా: నమ్మకం సడలిన తీరు (1989–2001):

ఒక దశలో నింటెండోకు గట్టి పోటీ ఇచ్చిన సంస్థ సెగా. అమెరికాలో జెనెసిస్ పేరుతో 1989లో వచ్చిన దాని యంత్రం, 1991లో ‘సోనిక్’ ఆటను యంత్రంతో కలిపి ఇవ్వడం, ధర తగ్గించడం వంటి చర్యలతో వేగంగా ముందుకు సాగింది. ఆ తరువాత సెగా జెనెసిస్‌కు తగిలించే సీడీ పరికరాన్ని, 1994లో 32ఎక్స్ అనే మరో పరికరాన్ని అమ్మింది. కొద్ది నెలలకే శాటర్న్ అనే కొత్త యంత్రాన్ని తెచ్చింది. 32ఎక్స్ కొన్నవారి డబ్బు వృథా అయింది.

1995 మే నెలలో అమెరికాలో జరిగిన తొలి ఈ3 ప్రదర్శనలో సెగా శాటర్న్‌ను 399 డాలర్లకు అప్పటికప్పుడే విడుదల చేస్తున్నట్లు ప్రకటించింది. సరుకు కొన్ని దుకాణాలకే చేరింది. వాటా దక్కని దుకాణదారులు కోపగించారు. ముందుగా ప్రకటించిన తేదీకి ఆటలను సిద్ధం చేసుకొంటున్న నిర్మాతలకు ఆటలు పూర్తికాలేదు. అదే ప్రదర్శనలో సోనీ ప్లేస్టేషన్ ధరను 299 డాలర్లుగా ప్రకటించింది. ముందుగా రావడం మేలు చేస్తుందన్న సెగా అంచనా తప్పింది. సెగా చివరి యంత్రం డ్రీమ్‌కాస్ట్ 1998లో జపాన్‌లోను, 1999లో అమెరికాలోను విడుదలై ఆటగాళ్ల ప్రశంసలు పొందింది. ఇంటర్నెట్ ద్వారా ఆడే సదుపాయాన్ని అది యంత్రంలోనే సమకూర్చింది. అయినా అప్పటికే సడలిన నమ్మకాన్ని ఆ మంచి యంత్రం కూడా తిరిగి తేలేకపోయింది. 2001లో సెగా కన్సోళ్ల తయారీని మానుకొంది.

5. గెలిచినవారి పొరపాట్లు (2000–2013):

2000 మార్చిలో విడుదలైన ప్లేస్టేషన్ 2 పాత ప్లేస్టేషన్ డిస్కులను కూడా ఆడించింది. డీవీడీ సినిమాలను చూపింది. పాత ఆటలు పనికిరాకుండా పోవన్న భరోసా, ఇంటిల్లిపాదికీ ఉపయోగపడే యంత్రమన్న భావన దానికి బలమయ్యాయి. 15 కోట్లకు పైగా అమ్ముడై, చరిత్రలో అత్యధికంగా అమ్ముడైన కన్సోల్‌గా అది నిలిచింది.

ఆ విజయమే తరువాతి పొరపాటుకు మూలమైంది. 2006లో ప్లేస్టేషన్ 3ను సోనీ 499, 599 డాలర్ల ధరలతో విడుదల చేసింది. దానిలోని సెల్ ప్రాసెసర్ శక్తిమంతమైనదే; అయితే దానికి ప్రోగ్రాములు రాయడం నిర్మాతలకు కష్టమైంది. అదే ఏడాది నింటెండో, శక్తిలో ఎంతో తక్కువైన వీ యంత్రాన్ని తెచ్చింది. చేతి కదలికలతో ఆడే ఆ యంత్రం అంతకుముందు వీడియో గేమ్ ఆడని పెద్దవారిని, వృద్ధులను కూడా ఆకర్షించి 10 కోట్లకు పైగా అమ్ముడైంది. 2012లో దాని వారసురాలిగా వచ్చిన వీ యూ సుమారు 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయింది. అది కొత్త యంత్రమో, పాతదానికి అనుబంధమో కొనుగోలుదారులకు స్పష్టం కాలేదు.

2001లో ఎక్స్‌బాక్స్‌తో రంగంలోకి వచ్చిన మైక్రోసాఫ్ట్, 2005లో ఎక్స్‌బాక్స్ 360తో సోనీ కన్నా ఏడాది ముందు నిలిచింది. ఆ యంత్రాలు పెద్ద సంఖ్యలో చెడిపోవడంతో 2007లో వారంటీని మూడేళ్లకు పొడిగించి, అందుకు 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చును భరించింది. ఆ నిర్ణయం ఖరీదైనదే గాని ఆటగాళ్లను నిలుపుకొంది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ విషయంలో అదే సంస్థ దీనికి విరుద్ధంగా నడిచింది. 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు అనుసంధానం కావాలని, వాడిన డిస్కుల మార్పిడికి పరిమితులుంటాయని ప్రకటించింది. కొన్న డిస్కు తనది కాదన్న భావన ఆటగాడికి కలిగింది. నిరసన రావడంతో కొన్ని వారాల్లోనే ఆ నియమాలను ఉపసంహరించుకొన్నా, 499 డాలర్ల ఎక్స్‌బాక్స్ వన్ 399 డాలర్ల ప్లేస్టేషన్ 4ను అందుకోలేకపోయింది.

6. ప్లేస్టేషన్ 2, హైదరాబాదు (2009):

అమెరికా, జపాన్‌లలో కొత్త యంత్రాల మధ్య పోటీ సాగుతున్న కాలంలోనే భారతదేశంలో పరిస్థితి భిన్నంగా ఉండేది. ఎక్స్‌బాక్స్ 360 అధికారికంగా 2006లోను, ప్లేస్టేషన్ 3 2007లోను ఇక్కడికి వచ్చాయి. మధ్యతరగతి కుటుంబానికి వాటి ధర భారం. ఒక్కో ఆట డిస్కు ధర కూడా భారమే. నకలు డిస్కుల చలామణి అధికంగా ఉన్న చోట, ఆటల మీది వాటాతో బతికే వ్యాపార పద్ధతి నిలదొక్కుకోవడం కష్టం. ఈ స్థితిలో సోనీ పాత ప్లేస్టేషన్ 2నే తక్కువ ధర యంత్రంగా కొనసాగిస్తూ, ఈ దేశపు కథలతో, ఈ దేశపు నిర్మాతలతో ఆటలు చేయించే మార్గాన్ని ఎంచుకొంది.

ఆ మార్గంలో హైదరాబాదుకు ముఖ్యస్థానం దక్కింది. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2 మీద విడుదలైంది. కన్సోల్ కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ఆటగా అది గుర్తింపు పొందింది. అదే ఏడాది హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ ప్లేస్టేషన్ 2, పీఎస్పీ యంత్రాల మీద వచ్చింది. కబడ్డీ, గాలిపటాల పందెం, హిందీలో గిల్లీ దండా అనే ఆట అందులో ఉన్నాయి. గిల్లీ దండానే తెలంగాణలో చిర్రగోనె అని, కోస్తాంధ్రలో బిళ్లంగోడు అని పిలుస్తారు.

తెలుగు పరిశోధకుల దృష్టిలో ఈ రెండు ఆటలకూ ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. ఒకటి పురాణ కథానాయకుణ్ణి, రెండవది జానపద క్రీడలను కొత్త మాధ్యమంలోకి తెచ్చింది. హరికథలో, తోలుబొమ్మలాటలో, సినిమాలో హనుమంతుణ్ణి ప్రేక్షకుడు చూస్తాడు, వింటాడు. వీడియో గేమ్‌లో ఆటగాడే హనుమంతుణ్ణి కదిలిస్తాడు. దేవుణ్ణి ఆటగాడి చేతిలోని మీటలు నియంత్రించడం తగదంటూ అమెరికాలోని ఒక హిందూ సంస్థ అభ్యంతరం తెలిపి, ఆటను ఉపసంహరించాలని సోనీని కోరింది. కథను చెప్పడానికి, కథలోని పాత్రను ఆడడానికి గల భేదం ఈ వివాదంలో స్పష్టంగా వ్యక్తమైంది. జానపద క్రీడల విషయంలో సమస్య మరొకటి. చిర్రగోనెకు కావలసినది రెండు కర్రముక్కలు, ఖాళీ స్థలం. కొలతలు, లెక్కపెట్టే పదాలు, ఓడినవాడికి వేసే శిక్షలు ఊరూరికీ మారుతాయి. కన్సోల్‌లోకి వచ్చేసరికి ఆటకు ఒకే నియమావళి స్థిరపడుతుంది. ఆట దేశమంతటికీ చేరుతుంది. ప్రాంతీయ వైవిధ్యం మాత్రం బయటే ఉండిపోతుంది.

వ్యాపారపరంగా ఈ ప్రయోగం చూపే విషయం మరింత గమనించదగినది. తొమ్మిదేళ్ల వయసున్న యంత్రానికి సోనీ ఈ దేశంలో కొత్త ఆయుర్దాయం ఇవ్వగలిగింది. ధర, పరిచితమైన కథ, స్థానిక నిర్మాత అనే మూడింటినీ ఒకచోట చేర్చడమే అందుకు ఆధారం. కాని ‘హనుమాన్’ ఆటకు విమర్శకుల మెప్పు దక్కలేదు. తొలి ప్రయత్నంలోని లోపాలను సరిదిద్దుకోవాలంటే రెండవ, మూడవ ప్రయత్నాలు అవసరం. జపాన్ సంస్థలు తమ ఆటల వరుసలను పదేళ్లు, ఇరవై ఏళ్లు కొనసాగించి మెరుగుపరచుకొన్నాయి. ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి ప్రపంచవ్యాప్తంగా 2013 జనవరి నాటికి ముగిసింది. ఆ యంత్రం మీద ఆధారపడిన స్థానిక ఆటలకు అదే స్థాయిలో కొనసాగింపు రాలేదు. అప్పటికి ఆటగాడు మొబైల్ ఫోన్ వైపు మళ్లాడు. కన్సోల్ సంస్థ ఒక విపణిలో నిలవాలంటే స్థానిక నిర్మాతకు ఒక ఆట పని ఇస్తే సరిపోదని, వరుసగా ఆటలు చేసే అవకాశం ఇవ్వాలని ఈ అనుభవం చెబుతుంది.

7. సత్య నాదెళ్ల కాలం: పోటీ నిర్వచనంలో మార్పు (2014–2024):

హైదరాబాదుకు ఈ చరిత్రతో రెండవ సంబంధం నాయకత్వం ద్వారా ఏర్పడింది. 1967లో హైదరాబాదులో జన్మించి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న ఆ సంస్థ సీఈఓ అయ్యారు. అప్పటికి ఎక్స్‌బాక్స్ వన్ విడుదలై మూడు నెలలు కూడా పూర్తి కాలేదు. ప్లేస్టేషన్ 4 ముందంజలో ఉంది.

ఆయన కాలంలో మైక్రోసాఫ్ట్ యంత్రాల లెక్కలో సోనీని దాటే ప్రయత్నం కన్నా, పోటీ జరిగే చోటును మార్చే ప్రయత్నం ఎక్కువగా చేసింది. 2014లో ‘మైన్‌క్రాఫ్ట్’ నిర్మాత మొజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ ఆటను ప్రత్యర్థుల యంత్రాల నుంచి తొలగించలేదు. 2015లో పాత ఎక్స్‌బాక్స్ 360 ఆటలను కొత్త యంత్రంలో ఆడే సదుపాయాన్ని ప్రకటించింది. 2017లో నెలసరి చందాతో అనేక ఆటలు ఆడుకొనే గేమ్ పాస్‌ను ప్రారంభించింది. ‘ఎల్డర్ స్క్రోల్స్’ ఆటల వరుస గల బెథెస్డా మాతృసంస్థను 750 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందాన్ని 2021లో పూర్తిచేసింది. 2022లో ప్రకటించి 2023 అక్టోబరులో పూర్తిచేసిన యాక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలు విలువ 6,870 కోట్ల డాలర్లు. అటారీలో పేరు దక్కని ప్రోగ్రామర్లు నెలకొల్పిన సంస్థ వారసత్వం నలభై నాలుగేళ్ల తరువాత ఒక కన్సోల్ సంస్థ చేతికే చేరింది.

ఈ కొనుగోలును అడ్డుకోవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ వేసిన దావా 2023 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో విచారణకు వచ్చింది. కన్సోళ్ల పోటీలో తాము ఓడిపోయామని మైక్రోసాఫ్ట్ అక్కడ వాదించింది. తన చేతిలో ఉంటే ఒకే యంత్రానికి పరిమితమయ్యే ఆటల పద్ధతినే తీసివేస్తానని, తక్కువ వాటా ఉన్న తమకు ఆ నియమాన్ని నిర్ణయించే శక్తి లేదని నాదెళ్ల సాక్ష్యమిచ్చారు. ఓటమిని అంగీకరించడం ఇక్కడ వాదంలో ఒక ఉపాయం కూడా. అయినా 2024లో మైక్రోసాఫ్ట్ తన సొంత ఆటల్లో నాలుగింటిని ప్రత్యర్థుల యంత్రాలకు ఇచ్చింది. ఆ మాట కోర్టుకే పరిమితం కాలేదని ఈ చర్య సూచిస్తుంది.

ఈ మార్గానికీ మూల్యం ఉంది. యాక్టివిజన్ కొనుగోలు పూర్తయిన మూడు నెలలకు, 2024 జనవరిలో, సంస్థ గేమింగ్ విభాగంలో 1,900 ఉద్యోగాలు తొలగించబడ్డాయి. నిర్మాణ సంస్థను కొనడం వల్ల నిర్మాతల విశ్వాసం దానంతటదే రాదు. మరోవైపు, ఆట ప్రతిచోటా దొరికితే యంత్రాన్ని ఎందుకు కొనాలన్న ప్రశ్న ఎక్స్‌బాక్స్ కొనుగోలుదారునిలో మొదలవుతుంది. ఇదే కాలంలో నింటెండో 2017లో తెచ్చిన స్విచ్, శక్తిలో ప్రత్యర్థుల కన్నా తక్కువైనా, ఇంట్లోను ప్రయాణంలోను ఆడే వీలుతో, తన సొంత ఆటల బలంతో 15 కోట్లు దాటింది. ఒకే కాలంలో రెండు సంస్థలు రెండు వ్యతిరేక మార్గాల్లో నడిచాయి. యంత్రానికీ ఆటకూ ఉన్న ముడిని ఒకటి వదులు చేసింది. మరొకటి మరింత బిగించింది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

• కన్సోల్ రంగంలో ఆధిక్యం యంత్రశక్తికి అనుగుణంగా రాలేదు. వీ, స్విచ్ యంత్రాల విజయం, ప్లేస్టేషన్ 3 తొలినాటి తడబాటు ఇందుకు నిదర్శనాలు.

• నిర్మాతల నష్టభారాన్ని తగ్గించిన సంస్థ వైపు ఆటలు వెళ్లాయి. ఆటల వెంట ఆటగాళ్లు వెళ్లారు. నింటెండో నుంచి సోనీకి జరిగిన మార్పిడి దీనికి స్పష్టమైన ఉదాహరణ.

• ఆటగాడు పెట్టిన డబ్బుకు రక్షణ ముఖ్యం. పాత ఆటలను ఆడించిన ప్లేస్టేషన్ 2, వారంటీ పొడిగించిన ఎక్స్‌బాక్స్ 360 ఆ రక్షణ ఇచ్చాయి. 32ఎక్స్, తొలి ప్రకటన నాటి ఎక్స్‌బాక్స్ వన్ దాన్ని భంగపరచాయి.

• ముందున్న సంస్థలు తరచుగా తమ విజయం కల్పించిన ధీమా వల్లనే వెనుకబడ్డాయి.

• కొత్త విపణిలో స్థానిక ధర, స్థానిక కథ, స్థానిక నిర్మాత కలిసినప్పుడు పాత యంత్రం కూడా నిలిచింది. ఆ కలయిక కొనసాగాలంటే స్థానిక నిర్మాతకు దీర్ఘకాలిక అవకాశం కావాలి.

హైదరాబాదు ఈ చరిత్రలో రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకచోట కన్సోల్ కోసం ఆటను తయారుచేసిన నగరంగా, మరొకచోట కన్సోల్ సంస్థను నడిపించే వ్యక్తి పుట్టిన నగరంగా. లోకంలో రెండవదానికి వచ్చిన ప్రచారం మొదటిదానికి రాలేదు. తెలుగు కథలకు, తెలుగు ఆటలకు ఈ మాధ్యమంలో దక్కే స్థానం మాత్రం మొదటిదాని మీదనే ఆధారపడి ఉంటుంది. చిర్రగోనె నియమాలను, లెక్కపదాలను ఊరూరా సేకరించి భద్రపరచడం జానపద విజ్ఞాన పరిశోధకులు చేయగల పని. రేపు ఎవరైనా ఆ ఆటను మళ్లీ తెరమీదికి తెచ్చినప్పుడు, ప్రాంతీయ వైవిధ్యం ఈసారి బయట ఉండిపోకుండా అందులో చేరడానికి ఆ సేకరణే ఆధారమవుతుంది.